మేడ్చల్ దారిలో బఫర్ స్టాక్ గోదాము: వాడదగ్గదే, ఒక్క లెక్క సరిచూసుకుంటే

జీడిమెట్ల, పాశమైలారం చిన్న మందుల కంపెనీలకు ముడిసరుకును బఫర్ స్టాక్‌గా, అంటే సరఫరా ఆగినా పని ఆగకుండా ముందుగానే నిల్వచేసి, అడిగినప్పుడు పంపే సేవ ఇది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. అప్పుడు యూరప్ నుంచి వచ్చే లాక్టోజ్ (మాత్రల్లో కలిపే పాలచక్కెర) మీద ఆధారపడ్డవాళ్లకు ఇలాంటి నిల్వ ఎంత అవసరమో తెలిసొచ్చింది.

నిర్వహణ బాగుంది. ప్రతి డ్రమ్ము మీద బ్యాచ్ నంబరు, రీటెస్ట్ తేదీ (మళ్లీ పరీక్షించాల్సిన రోజు) ఉంటాయి. పరీక్ష కావాల్సిన సరుకుకు పసుపు లేబుల్, పాసైనదానికి ఆకుపచ్చ లేబుల్. ముందు వచ్చింది కాదు, ముందు గడువు తీరేదే బయటికి పంపుతారు. బఫర్ స్టాక్‌కు ఈ పద్ధతే ప్రాణం. లేకపోతే ఆపదకని దాచిన సరుకు గడువు దాటి కూర్చుంటుంది.

లోపం రీఆర్డర్ లెక్కలో, అంటే నిల్వ ఎంతకు తగ్గితే మళ్లీ ఆర్డరు పెట్టాలనే లెక్కలో ఉంది. సాఫ్ట్‌వేర్ ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి పట్టే సగటు కాలాన్నే తీసుకుంటుంది. రోజుకు 40 కిలోల వాడకం, సరుకు రావడానికి 30 రోజులు అనుకుంటే నిల్వ 1,200 కిలోలకు తగ్గాకే ఆర్డరు పెట్టమంటుంది. వాడకం 50 కిలోలకు పెరిగి, సరుకు 45 రోజులకు వస్తే కావాల్సింది 2,250 కిలోలు. ఆ తేడా 1,050 కిలోలే సేఫ్టీ స్టాక్, అంటే అదనంగా ఉంచుకోవాల్సిన నిల్వ. దాన్ని రీఆర్డర్ లెక్కలో చేత్తో కలిపించుకోవాలి, అడిగితే మారుస్తారు.

రెండో సరఫరాదారును వెతకడం మాత్రం వీళ్ల పని కాదు. కొత్తవాళ్ల సరుకుకు శాంపిల్ పరీక్షలు, ట్రయల్ బ్యాచ్‌లు, స్టెబిలిటీ పరీక్షలు (మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసేవి) నెలల తరబడి సాగుతాయి. కాబట్టి కొరత రాకముందే ఆ పని మొదలుపెట్టి, కొంత ఆర్డరు రెండోవాళ్లకూ ఇస్తూ ఉండాలి. ఒప్పందానికి ముందు కోల్డ్ రూమ్ టెంపరేచర్ లాగర్ రికార్డు, ముఖ్యంగా కరెంటు పోయిన రోజులది, అడిగి చూడండి.