ఎనిమిది ఆదివారాలు, ఒక ఇత్తడి చెంబు

ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరినప్పుడు చేతిలో భూమి కొలిచే గొలుసు, లంబకోణాలు చూసే క్రాస్ స్టాఫ్. దిగేనాటికి దూరం, కోణం ఒకేసారి కొలిచే ఈటీఎస్ యంత్రాలు, ఉపగ్రహాల సాయంతో చోటు తేల్చే రోవర్లు. మధ్యలో గీసిన పటాలకు లెక్కే లేదు. అందుకే కడపలో ఒక మేడ మీద ఆదివారాలు స్టిల్ లైఫ్, అంటే ఎదురుగా పెట్టిన వస్తువులను చూసి బొమ్మ గీయడం నేర్పుతున్నారని మా కోడలు చెప్పినప్పుడు, అక్కడ నాకు కొత్తగా తెలిసేది ఏముంటుందిలే అనుకుంటూనే వెళ్లాను. మొదటి ఆదివారం తొమ్మిది కొట్టేలోపు ఆ ధీమా దిగిపోయింది.

తరగతికి బోర్డు లేదు, పేరు లేదు. నేర్పే అమ్మాయికి పాతికేళ్లు దాటి ఉంటాయేమో. పేరు, చిరునామా ఎక్కడా రాయవద్దని తనే అడిగింది. నాకూ రాయాలని లేదు, ఎందుకంటే గదిలో ఉన్నవి పదకొండు కుర్చీలు. ఊళ్లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమే ఉంది కానీ, నా వయసువాడు వెళ్లి సీటు అడిగితే నవ్వుతారు. ఇక్కడ నవ్వలేదు. ఎనిమిది వారాలకు 1,200 రూపాయలు, ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. కాగితాలు, పెన్సిళ్లు మనవే.

బల్ల మీద ఒక నల్లటి కడప బండ ముక్క. నునుపు చేసినది, ఇళ్లలో వంటగట్టుకు వేసే రకం. దాని మీద ఇత్తడి చెంబు, మూడు చిన్న ఉల్లిగడ్డలు (మేము ఎర్రగడ్డలంటాం; ఇవి మైదుకూరు వైపు పండి విదేశాలకు పోయే కృష్ణాపురం రకం), నాలుగు పచ్చి అరటికాయలు. ఎనిమిది వారాలూ ఇవే. మొదట విసుగు పుట్టింది. మూడో వారానికి ఆ విసుగు ఎటు పోయిందో గమనించలేదు.

నేను చెంబు మూతిని గుండ్రంగా గీసి, అడుగున తిన్నగా ఒక గీత పెట్టాను. బల్ల మీద నిలబడే చెంబుకు అడుగు తిన్నగా కాక ఎలా ఉంటుంది? ఆ అమ్మాయి నా కాగితం చూసి ఏమీ అనలేదు. చెంబు తీసుకెళ్లి, లావుపాటి పుస్తకాలు నాలుగు పేర్చి, నా కంటికి సరిగ్గా ఎదురుగా మూతి వచ్చేలా పైన పెట్టింది.

"ఇప్పుడు మూతి ఎక్కడుంది సార్?"

మూతి లేదు. అడ్డంగా ఒక గీత మాత్రం ఉంది. ఒక పుస్తకం తీసేసింది, గీత సన్నగా తెరుచుకుంది. ఇంకొకటి తీసింది, మరికాస్త తెరుచుకుంది. "వడ్లగింజలాగా ఉందమ్మా" అన్నాను. "వడ్లగింజకు రెండు కొసలా మొనలుంటాయి సార్. మూతికి మొనలుంటాయా, చూసి చెప్పండి" అంది. లేవు. కొసల దగ్గర కూడా గీత మెల్లగా తిరుగుతుందే తప్ప ఎక్కడా విరగదు. కంటికి ఎంత దిగువకు పోతే వంపు అంత తెరుచుకుంటుంది కాబట్టి, అడుగు వంపు మూతి వంపు కంటే నిండుగా ఉండాలి. నేను తిన్నటి గీత పెట్టింది సరిగ్గా అక్కడే. ఆ వారమంతా ఇంట్లో లోటాలు, గిన్నెలు, చివరికి బావి గిలక దగ్గరి బొక్కెన కూడా గీశాను.

రెండో వారం నా బుద్ధి పోనిచ్చుకోలేదు. జేబులో స్కేలు తీసుకెళ్లి చెంబును కొలిచాను. ఎత్తు 15 సెంటీమీటర్లు, పొట్ట దగ్గర వెడల్పు 13. అదే నిష్పత్తిలో గీస్తే చెంబు నీళ్ల కూజాలా నిక్కి నిలబడింది. కొలత తప్పలేదు. కానీ నేను కూర్చున్నది చెంబు కంటే ఎత్తులో. పైనుంచి చూస్తే ఎత్తు కుంచించుకుపోతుంది, వెడల్పు పోదు. ఆ అమ్మాయి నా స్కేలు తీసుకుని పెన్సిలు చేతికిచ్చింది. చేయి బారచాపి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి, పెన్సిలు కొసను చెంబు అంచుకు పెట్టి, ఇవతలి అంచు దగ్గర బొటనవేలు ఆనించి కొలవాలి. మోచెయ్యి కాస్త వంగితే కొలతంతా పోయినట్టే. గొలుసు వదులుగా లాగితే ఏమవుతుందో తెలిసినవాణ్ణి, ఇది వెంటనే ఒంటబట్టింది.

చెంబుకూ అరటికాయలకూ మధ్య ఒక నల్లటి జాగా మిగులుతుంది. వస్తువులు కుదరకపోతే ముందు ఆ జాగాను గీయమంది. మిగతావాళ్లు అర్థం కాక చూస్తున్నారు. నాకు మాత్రం అది చిరకాలపు పరిచయం: రెండు పట్టాల మధ్య మిగిలిన పోరంబోకు. దాని హద్దులు సరిగ్గా తేలితే ఇటు పట్టా, అటు పట్టా వాటంతటవే తేలతాయి. ఆ రోజు మొదటిసారి నా కాగితం గోడకెక్కింది. గర్వంగానే ఉంది, దాచడం ఎందుకు?

పెన్సిళ్ల సంగతి. పటాలు గీసే చేతికి 4హెచ్ అలవాటు. ఇక్కడ 2బి, 4బి, 6బి. బంకమట్టి ఎక్కువ కలిపితే గట్టి హెచ్, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తటి బి. యుద్ధం వల్ల ఇంగ్లండు గ్రాఫైట్ ఆగిపోయినప్పుడు ఫ్రాన్సులో నికోలా జాక్ కాంటే ఈ కలపడం కనిపెట్టి 1795లో పేటెంటు తీసుకున్నాడు. 6బి పట్టుకున్న మొదటి రోజు అది కాటుక పుల్లలా కాగితమంతా పులుముకుంది. మణికట్టు కింద ఇంకో తెల్లకాగితం వేసుకోండి, లేకపోతే మీ చొక్కా కూడా బొమ్మలో భాగమే. రబ్బరు చపాతీ పిండిలా పిసికే రకం కొనండి. చెరపడానికి కాదు, వెలుగు పడిన చోట నలుపును అద్ది పైకి లాగడానికి.

వెలుగునీడల దగ్గర రెండు ఆదివారాలు ఆగాం, ఆగాల్సిన చోటే. ఉల్లిగడ్డకు చీకటంతా అంచులోనే ఉంటుందని నేను అంచునే నల్లగా చేశాను. కళ్లు సగం మూసి చూడమంది. చూస్తే, బాగా చీకటిగా ఉన్న పట్టీ అంచుకు కొంచెం లోపలే ఉంది. అంచున మాత్రం పక్కనున్న చెంబు మీంచి తిరిగివచ్చిన పలచటి వెలుగు. అది చేర్చగానే ఉల్లిగడ్డ కాగితం మీంచి లేచి కూర్చుంది. చెంబు మీద ఇంకా విచిత్రం. తెల్లటి మెరుపు అనుకున్నది నిజానికి కిటికీ. చువ్వలు నాలుగూ చెంబు పొట్ట మీద విల్లులా వంగి ఉన్నాయి. వాటి పక్కనే, మెరుపును ఆనుకుని, బొమ్మ మొత్తంలో అతి నల్లటి చోటు.

ఇక బండ. నునుపు బండలో చెంబు నీడ కాదు, ప్రతిబింబం పడుతుంది. నేను కాగితం మడిచి అచ్చు తీసినట్టు అదే చెంబును తలకిందులుగా దించాను, మూతి లోపలి భాగంతో సహా. "బండలోని చెంబుకు మూతి లోపల కనిపిస్తోందా సార్?" అని అడిగింది. వంగి చూశాను. కనిపించడం లేదు. బండలో మనకు తెలిసేది కిందినుంచి చూసిన చెంబు: పొట్ట అడుగు భాగం, మూతి బయటి అంచు. ఎన్నేళ్లుగానో మా ఇంటి గట్టు మీద ఇదే బండ, ఇలాంటివే చెంబులు. ఒక్కసారీ చూడలేదు.

అరటికాయల కథ వేరు. రెండో వారానికి పండాయి, మూడో వారానికి మచ్చలు పడ్డాయి, నాలుగో వారం వాసన. ఫ్రాన్సు చిత్రకారుడు సెజాన్ (1839–1906) ఎంత నిదానంగా వేసేవాడంటే, బొమ్మ పూర్తయ్యేలోపు పళ్లు కుళ్లిపోయేవని చెప్పింది. ఆయనకు ఆ నిదానం సరే, మాకు ఈగలొచ్చాయి. అయిదో వారం కొత్తవి పెట్టమని మేమంతా ఒక్కమాట మీద అడిగాం. పెట్టింది. ఒక పిల్లవాడు వాటిలో ఒకటి తినేశాడు. మూడే గీయమంది.

ఇప్పుడు ఫిర్యాదులు. ముందుగా కుర్చీలు. ముందొచ్చినవాళ్లకు నచ్చిన కుర్చీ. ఒక వారం ఎడమ నుంచి, మరో వారం కుడి నుంచి గీస్తే సగం పూర్తయిన బొమ్మ ఏం కావాలి? స్టేషను, అంటే యంత్రం నిలిపిన చోటు, మార్చి కొలిస్తే పటం కుదురుతుందా? నా కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాను. ఊడ్చే ఆవిడ తడిగుడ్డతో తుడిచేసింది. మళ్లీ పెట్టాను. మళ్లీ తుడిచింది. చివరికి మేమిద్దరం మాట్లాడుకుని, నేను రంగు టేపు అంటించాను.

రెండోది వెలుతురు. కిటికీ తూర్పుకు ఉంది. ఏడింటికి పొడుగ్గా ఉన్న నీడ ఎనిమిదిన్నరకు సగం కూడా ఉండదు, అందుకే వచ్చిన వెంటనే నీడల హద్దులు గీసి ఉంచుకోవాలి. చిత్రకారులకు ఉత్తరపు కిటికీ మేలంటారు, సూర్యుడు నేరుగా రాడని. మన అక్షాంశానికి అదీ పూర్తిగా నిజం కాదు: ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు కడపకు ఉత్తరం వైపే ఉంటాడు. ఇది చెబితే ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. కానీ ఎనిమిది కాగానే ఎవరో ఒకరు ట్యూబులైటు వేస్తారు, ప్రతి ఉల్లిగడ్డకూ రెండు నీడలు మొలుస్తాయి. దీనికి మందు ఇంకా దొరకలేదు.

ఒకటి మాత్రం గట్టిగా మెచ్చుకోవాలి. ఆ అమ్మాయి మన బొమ్మ మీద తన పెన్సిలు పెట్టదు. పక్కన చిన్న చీటీ మీద గీసి చూపించి, చీటీ తీసుకుపోతుంది. తప్పు మన చేత్తోనే దిద్దుకోవాలి. పిల్లల్ని పోటీలకు తయారుచేయించాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు, ఎనిమిది వారాల్లో చేతికొచ్చేది రెండో మూడో బొమ్మలు.

ఎలాగో చోటు కనుక్కుని వెళ్లేవాళ్లు ఆరూ ముప్పావుకే చేరుకోండి, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. ఎడమ నుంచి రెండో కుర్చీ కింద నీలం టేపు ఉంటుంది. అది వదిలేయండి.