సగం బొమ్మతో మొదలైన 'స్లీపింగ్ బ్యూటీ'

మొదటిసారి చూసినప్పుడు ఈ డిస్నీ కార్టూన్ సినిమాలో దేవతలు ఇద్దరే అనుకున్నాను. 1992 వేసవి సెలవులు, విజయవాడ. మా సందు చివర వీడియో లైబ్రరీ నుంచి రోజు అద్దెకి తెచ్చిన క్యాసెట్. దాని మీద బాల్‌పెన్నుతో రాసిన పేరు తప్ప అట్టా లేదు, బొమ్మా లేదు. 20 అంగుళాల డబ్బా టీవీలో ఎర్ర గౌనావిడ, ఆకుపచ్చ గౌనావిడ మాట్లాడుకుంటూ ఉంటే పక్కనుంచి ఇంకెవరిదో సణుగుడు వినిపించేది. కాసేపటికి బొమ్మ గబుక్కున పక్కకి జరిగి ఒక నీలం గౌనావిడను చూపించేది. ఈలోగా ఎర్ర గౌనావిడ మాయం. మాయల కథ కదా, అలాగే వస్తూ పోతూ ఉంటారు కాబోలు అనుకున్నాం నేనూ తమ్ముడూ. ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. చివర్లో డ్రాగన్ కోసం మిగతాదంతా ఓర్చుకున్నాం.

ఆ తర్వాత ఈ సినిమాని డీవీడీలో, బ్లూరేలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా పాప పుట్టాక అయితే ఒక ఏడాది పాటు ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇదే. అందుకే ఇది కొత్తగా కొన్న డిస్కు గురించి రాస్తున్న సమీక్ష కాదు, ఇంట్లో పాతబడిపోయిన డిస్కు గురించి.

దేవతలు ఎందుకు మాయమయ్యారో నాకు తెలిసింది చాలా ఏళ్ళకి. 1959లో డిస్నీ వాళ్ళు ఈ సినిమాని టెక్నిరామా అనే పద్ధతిలో తీశారు. మామూలుగా కెమెరాలో 35 ఎంఎం ఫిల్ము నిలువుగా నడుస్తుంది, ఇందులో అడ్డంగా నడుస్తుంది. దాంతో ఒక్కో ఫ్రేముకి దాదాపు రెట్టింపు జాగా దొరుకుతుంది. పెద్ద థియేటర్లలో 70 ఎంఎం ప్రింట్లు వేశారు. అసలు నెగెటివ్‌లో బొమ్మ ఎత్తు ఒక అడుగు అనుకుంటే వెడల్పు రెండున్నర అడుగుల పైమాట. మన డబ్బా టీవీలో ఎత్తు మూడు వంతులైతే వెడల్పు నాలుగు వంతులు. అంత పొడుగాటి బొమ్మని ఆ డబ్బాలో పట్టించాలంటే అటూ ఇటూ కోసెయ్యాల్సిందే. లెక్కేసి చూస్తే ఆ క్యాసెట్లో మాకు కనిపించింది సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ముగ్గురు దేవతలు పక్కపక్కన నిలబడితే ఒకావిడ ఎప్పుడూ గోడ అవతలే.

2004లో అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కూతురు సంక్రాంతికి వస్తూ రెండు డిస్కుల డీవీడీ తెచ్చింది. అది 2003లో వచ్చిన ముద్రణ. మన ప్లేయర్లో పెడితే రీజియన్ తప్పు అని ఒక లైను వచ్చి ఆగిపోయింది. డిస్కులకీ ప్లేయర్లకీ ప్రాంతాన్ని బట్టి ఒక నంబరు ఉంటుంది, అక్కడి డిస్కులు రీజియన్ 1, మనది 5. ప్లేయర్ కొన్న షాపబ్బాయిని అడిగితే రిమోట్‌లో నొక్కాల్సిన అంకెలు ఒక చీటీ మీద రాసిచ్చాడు. అది నొక్కాక ఆడింది. అప్పుడు చూశాను మొదటిసారి, ముగ్గురినీ ఒకే చోట.

కానీ ఇంట్లో ఎవరికీ నచ్చలేదు! టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వచ్చేసరికి మా నాన్న "బొమ్మ సగమే వస్తోందేంటే" అని రిమోట్ తీసుకుని జూమ్ నొక్కేశారు. తెర నిండింది, నీలం గౌనావిడ మళ్ళీ పోయింది. "నాన్నా, ఇప్పుడే సగం వస్తోంది, ఇందాక మొత్తం వచ్చింది" అని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. డబ్బులు పెట్టి కొన్న టీవీలో నల్ల పట్టీలు చూడటమేంటని ఆయన బాధ. చాలా ఇళ్ళలో ఇప్పటికీ జరిగే గొడవే ఇది. ఆ డీవీడీకి ఎన్నో గీతలు పడ్డాయి, ఎవరో చెప్పారని టూత్‌పేస్ట్ రాసి తుడిచాను, దాంతో పూర్తిగా పోయింది. ఆ చిట్కా ఎవరూ పాటించకండి.

బ్లూరే సంగతి వేరే. 2012లో ఆఫీసు పని మీద మూడు నెలలు న్యూజెర్సీలో ఉన్నప్పుడు కొన్నాను. 2008లో వచ్చిన ముద్రణ అది, అసలు నెగెటివ్ నుంచి మళ్ళీ శుభ్రం చేసి, మొత్తం వెడల్పుతో ఇచ్చింది. అంటే 1959లో టికెట్ కొనుక్కున్నవాళ్ళకి కూడా అంచుల్లో కొంత కనిపించలేదు, ఈ డిస్కులో కనిపిస్తుంది. రీజియన్ గొడవ మళ్ళీ ఎందుకని ప్లేయర్ కూడా అక్కడే కొన్నాను. అది 110 వోల్టులది. ఇప్పటికీ టీవీ పక్కన ఒక స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటూ కూర్చుని ఉంటుంది. మా ఆయన దానికి 'నాలుగో దేవత' అని పేరు పెట్టాడు.

ఆ న్యూజెర్సీ రోజుల్లోనే ఒక శనివారం న్యూయార్క్‌లో 'ఎ' రైలెక్కి 190వ వీధిలో దిగి క్లాయిస్టర్స్ మ్యూజియంకి వెళ్ళాను. అక్కడ ఒంటికొమ్ము గుర్రం వేట కథని నేసిన పాత తెరలు ఏడున్నాయి. ఈ సినిమాకి కావలసిన పాతకాలపు రూపం కోసం స్టూడియో మనిషి జాన్ హెంచ్ వీటిని చూసి ముచ్చటపడ్డాడని డిస్కులోని అదనపు ఫీచర్లలో విన్నాను, అందుకే వెళ్ళాను. ఆ తెరల్లో నేలంతా చిన్న చిన్న పూల మొక్కలు. ఒక్కో ఆకూ విడివిడిగా, దేనికది. దూరంగా ఉన్నవి మసకబారవు, దగ్గరున్నంత స్పష్టంగానే ఉంటాయి. హోటల్‌కి వచ్చి లాప్‌టాప్‌లో సినిమా నుంచి తీసిన స్టిల్స్ చూస్తే అదే పద్ధతి. అడవిలో చివరి చెట్టు బెరడు కూడా లెక్కపెట్టొచ్చు.

ఈ పనంతా ఐవిండ్ ఎర్ల్ అనే చిత్రకారుడి చేతి చలవ. చెట్లు నలుచదరంగా, పొదలు పెట్టెల్లా కోసినట్టు, కొండలు నిట్టనిలువుగా. మామూలుగా ఒక నేపథ్య చిత్రానికి ఒక రోజు పట్టే స్టూడియోలో ఆయన ఒక్కోదానికి వారం, పది రోజులు తీసుకునేవాడట. మనుషుల బొమ్మలు గీసేవాళ్ళు విసుక్కున్నారు, మేం గీసినవాళ్ళని ఎవరు చూస్తారు, అందరూ వెనక చెట్లే చూస్తారు అని. వాళ్ళు అన్నదాంట్లో తప్పేం లేదు. నేనూ చెట్లే చూస్తాను. రాకుమారి అడవిలో గుడ్లగూబతో డాన్స్ చేసే సీన్లో ఒకసారి ఆమెను వదిలేసి తెరకి ఎడమ అంచు మాత్రమే చూడండి. ఆ ఆకులు, కాండాల మీద వెలుగు, నీళ్ళలో నీడ. క్యాసెట్ రోజుల్లో మాకు తగ్గిన సగం అదే. అప్పుడు సినిమా నిద్ర తెప్పించిందంటే పిల్లల తప్పు కాదు.

ఎందుకంటే కథలో దమ్ము తక్కువ. అది ఒప్పుకోవాలి. 75 నిమిషాల సినిమాలో కథానాయిక అరోరా తెర మీద కనిపించేది దాదాపు 18 నిమిషాలే. తాను రాకుమారినని తెలిసి ఏడ్చిన తర్వాత ఆఖరి దాకా ఆమెకి ఒక్క మాట కూడా లేదు. నిద్రలేచాక కూడా లేదు! పాపకి ఏడేళ్ళు వచ్చాక అదే అడిగింది, "ఈమెకి లేచాక ఆకలెయ్యదా? ఏమీ అనదేంటి?" అని. జవాబు లేదు నా దగ్గర. రాజులిద్దరూ తాగుతూ పెళ్ళి ముహూర్తాల గురించి కొట్టుకునే సీన్ మా ఇంట్లో టీ పెట్టుకునే టైము.

కథని నిజంగా నడిపేది ఆ ముగ్గురు పెద్దావిడలు, ఫ్లోరా, ఫానా, మెరీవెదర్. మంత్రగత్తె మెలఫిసెంట్‌కి దొరక్కుండా పదహారేళ్ళు మంత్రదండం ముట్టకుండా అడవిలో పిల్లని పెంచి, పుట్టినరోజుకి చేత్తో కేకు, గౌను చేద్దామని కూర్చుంటారు. గుడ్లు పెంకులతో సహా పిండిలో కలిపేస్తారు. కేకు ఒక పక్కకి జారిపోతూ ఉంటే చీపురు ఆనించి నిలబెడతారు. గౌను గులాబీ రంగా నీలమా అని మంత్రాలతో కొట్టుకుంటే ఆ మెరుపులు పొగగొట్టంలోంచి పైకి ఎగిరి మెలఫిసెంట్ కాకి కంట పడతాయి, అక్కడే కొంప మునుగుతుంది. పండక్కి వంటింట్లో చేరిన ముగ్గురు తోడికోడళ్ళని చూసినట్టే ఉంటుంది నాకు. వీళ్ళని గీసింది ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్. నడకలోనే ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

మా అమ్మ మాత్రం మొదటి పది నిమిషాల దగ్గరే ఆగిపోయింది. రాజుగారు కూతురి బారసాలకి ఊరందరినీ పిలిచి మెలఫిసెంట్ ఒక్కదాన్నీ పిలవడు. ఆమె పిలవని పేరంటానికి వచ్చి, పదహారో పుట్టినరోజు పొద్దు గుంకేలోగా రాట్నం కదురు వేలికి గుచ్చుకుని పిల్ల చస్తుందని శపిస్తుంది. ఆ చావుని నిద్రగా మార్చేది మెరీవెదర్. "పిలిస్తే ఓ తాంబూలం ఖర్చు. అంత పెద్ద రాజుకి ఆ మాత్రం తెలీదా" అంది అమ్మ. సినిమా అయ్యేదాకా ఆవిడ మెలఫిసెంట్ పక్షమే. పాపకి కదురు అంటే ఏంటో చెప్పింది కూడా అమ్మే, వాళ్ళ అమ్మమ్మ దగ్గర రాట్నం ఉండేదట.

మెలఫిసెంట్ పక్షం చేరడం కష్టమేం కాదు. ఆమెని గీసిన మార్క్ డేవిసే అరోరానీ గీశాడు. గొంతు ఎలినార్ ఆడ్లీది, 1950 నాటి 'సిండరెల్లా'లో సవతి తల్లి గొంతూ ఆవిడదే. అరవడం చాలా తక్కువ. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతుంది, అదే భయం. నేను ఇన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరించేది పచ్చటి వెలుగు వెంట అరోరా మెట్లెక్కే సీన్. ఆమె మొహంలో రంగు పోతుంది, గోడలో దారి తెరుచుకుంటుంది, ఆమె ఒక్క మాటా అనదు. అక్కడి సంగీతం రష్యా సంగీతకర్త చైకోవ్‌స్కీ ఇదే కథకి కట్టిన 1890 నాటి బాలే నృత్యనాటకం నుంచి తీసుకున్నదే. బాలేలో అది బూట్ల పిల్లి, తెల్ల పిల్లి ఒకదాన్నొకటి గీరుకుంటూ ఆడే సరదా ముక్క. దాన్ని జార్జ్ బ్రన్స్ ఇలా దెయ్యపు పాటగా మార్చేశాడు. మామూలు టీవీ స్పీకర్లలో ఇది తేలిపోతుంది. పాప నిద్రపోయాక మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఇక డిస్కు గురించి ఒక ఫిర్యాదు. మరీ కడిగేశారు. ఫిల్ముకి ఉండే సన్నటి ఇసకలాంటి గరుకు అస్సలు లేకుండా తుడిచేశారు. గీతలు ఎంత పదునుగా ఉన్నాయంటే, చేత్తో గీసి, చేత్తోనే సెల్ అనే పారదర్శకమైన షీటు మీద ఇంకు పెట్టిన సినిమా అని కొత్తవాళ్ళకి తెలియదు. మా తమ్ముడైతే కంప్యూటర్లో మళ్ళీ చేశారా అన్నాడు. నిజానికి డిస్నీలో ఆ స్థాయిలో చేతి ఇంకుతో చేసిన ఆఖరి పెద్ద సినిమా ఇదే. మొదటి విడుదలలో పెట్టిన దాదాపు 60 లక్షల డాలర్లు తిరిగి రాలేదు, బొమ్మలు గీసే విభాగంలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. 1961 నాటి తర్వాతి సినిమాకే గీతల్ని జిరాక్స్ యంత్రంతో ఎక్కించడం మొదలుపెట్టారు. మళ్ళీ 1989 దాకా వాళ్ళు రాకుమారి కథ జోలికి పోలేదు.

మెనూలు నత్తనడక. డిస్కు పెట్టాక సినిమా మొదలయ్యేలోపు పోపు వేసి రావచ్చు. కానీ అదనపు ఫీచర్లలో ఒక చిన్న సినిమా కోసం అదంతా భరించవచ్చు. నలుగురు చిత్రకారులు, అందులో ఎర్ల్, డేవిస్ ఉన్నారు, ఒకే చెట్టు ముందు కూర్చుని గీస్తారు. నాలుగు బొమ్మలూ నాలుగు వేరే చెట్లు అన్నట్టు వస్తాయి. డ్రాయింగ్ క్లాసుకి వెళ్ళే పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క ముక్క కోసమైనా డిస్కు ఉంచుకోవచ్చు. మా పాప దాన్ని అసలు సినిమా కంటే ఎక్కువసార్లు చూసింది.

ఓటీటీలో దొరుకుతుంటే డిస్కు దేనికి అంటారా? చిన్న ఫోన్లో ఒకసారి చూసి వదిలేసేవాళ్ళకి అవసరం లేదు. బొమ్మలు గీసేవాళ్ళు, పెద్ద టీవీ ఉన్నవాళ్ళు మాత్రం వెతికి తెచ్చుకోండి, పాతవి అమ్మేవాళ్ళ దగ్గర దొరికినా సరే. టీవీ సైజు ఇక్కడ నిజంగా ముఖ్యం. నల్ల పట్టీలు పోగా 32 అంగుళాల టీవీలో బొమ్మ ఎత్తు 11 అంగుళాలే వస్తుంది, 55 అంగుళాల దాంట్లో 19 దాకా వస్తుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకైతే ముళ్ళ అడవి నుంచి డ్రాగన్ దాకా పక్కన ఎవరైనా కూర్చోవాలి. మా పాప ఆ వయసులో సోఫా వెనక నుంచి చూసేది.

మొన్న దసరా సెలవులకి విజయవాడ వెళ్తూ ప్లేయరూ, గుయ్యిమనే డబ్బా రెండూ కారులో వేసుకుని వెళ్ళాం. అమ్మ బారసాల సీన్ దగ్గర మళ్ళీ అదే మాట అంది. పాప నల్ల పట్టీలు చూసి "అమ్మమ్మ వాళ్ళ టీవీలో చిన్నగా వస్తోంది" అంటూ రిమోట్ అందుకుని జూమ్ నొక్కబోయింది. పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారనుకున్న మా నాన్న కళ్ళు తెరవకుండానే అన్నారు, "వద్దమ్మా, మూడో ఆవిడ పోతుంది."