మలుపులో "టప్": ఏడేళ్లు నడిపిన డీజిలు కారు గురించి

మైలేజీ, ఏసీ, డిక్కీ సంగతులు వదిలేస్తున్నాను. అవన్నీ కొనకముందే అందరూ తెలుసుకుంటారు. ఏడేళ్లలో 94 వేల కిలోమీటర్లు తిరిగాక ఈ చిన్న కారులో నాకు ప్రాణమైంది ఒక్కటే, స్టీరింగు. మాది కోనసీమలో మలికిపురం పక్క పల్లె. ఇంటి నుంచి పెద్ద రోడ్డెక్కాలంటే కాలవ గట్టు మీద ఒక్క బండి పట్టేంత దారి. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వచ్చిందంటే ఏదో కళ్లం దగ్గర బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. అటు కాలవ, ఇటు చేను. అంత ఇరుకులో కూడా రెండు విడతల్లో తిరిగిపోతుంది. అలాంటి స్టీరింగులో చప్పుడు మొదలయ్యేసరికి నాకు మనసు మనసులో లేదు.

పోయిన సంక్రాంతికి మొదలైంది. గేటులోంచి వెనక్కి తీస్తూ స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు కుడివైపు "టప్". ఒక్కసారే. తిన్నగా పోతున్నప్పుడు ఏ చప్పుడూ లేదు. నెల తిరక్కుండా ఎడమవైపూ వచ్చింది.

సర్వీసు సెంటరులో ఐదు నిమిషాలు నడిపి చూసి యాక్సిల్, అంటే ఇంజను నుంచి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ, దాని జాయింటు పోయిందన్నారు. మలుపులో చప్పుడంటే అదేనని నేనూ నమ్మాను. కుడి యాక్సిల్ మొత్తం మార్చారు, కూలీతో కలిపి 9,400 అయింది. ఇంటికొచ్చి గేటు దగ్గర తిప్పితే మళ్లీ "టప్". విప్పిన పాత సామాను నాకే ఇచ్చారు. జాయింటునీ అందులోని గ్రీజునీ కాపాడే రబ్బరు బూటుకి చిన్న చిరుగైనా లేదు, గ్రీజు బొట్టు కూడా బయటికి రాలేదు. డబ్బు పోయిందనే బాధ కొన్నాళ్లకి తగ్గింది గానీ, ఆ బూటు చూసి కూడా ఎలా మార్చారన్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నేను పనిచేసేది పాలకొల్లు స్కూల్లో. రోజూ గోదావరి మీది చించినాడ వంతెన దాటి వెళ్లొస్తాను. పాలకొల్లులోనే మా బావమరిది బళ్లు చూసే పెద్దాయనకి చూపించాను. కారు నడపనే లేదాయన. "ఇంజను ఆపకండి మాస్టారూ, బండి కదపకుండా స్టీరింగొక్కటే ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పండి" అన్నారు. తిప్పాను. నిలబడి ఉన్న బండిలోనే "టప్" మంది. "చక్రం తిరగలేదు కదండీ, యాక్సిల్ ఎలా మోగుద్ది?" అన్నారాయన.

యాక్సిల్ జాయింటు అరిగితే బండి కదులుతూ, మలుపులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టకటకమంటుంది, వేగం పెంచితే చప్పుడూ జోరెక్కుతుంది. నాది అలా లేదు. ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని, టైరుకి వేళ్లు తగలకుండా ముందు స్ప్రింగు మీద చెయ్యి ఆనించమన్నారు. స్టీరింగు తిరుగుతోంది, స్ప్రింగు పైభాగం కదలటం లేదు. కాసేపు మెలికపడి ఒక్కసారి ఎగిరింది. ఆ దెబ్బ నా అరచేతికి తెలిసింది.

స్టీరింగుతో పాటు ముందు షాక్ అబ్సార్బరూ స్ప్రింగూ కలిసి తిరగాలి. తిరగనిచ్చేది పైన మౌంటు, అంటే వాటిని బాడీకి పట్టి ఉంచే భాగం, దాని కింద ఉండే బేరింగు. అది తుప్పుపట్టి పట్టేసింది. నేను 2022 జూలై వరద నీళ్లని అనుమానించాను. అప్పుడు మా వీధిలో నీళ్లు చక్రాల్లో సగం దాకానే వచ్చాయి, బేరింగు ఉండేది బోనెట్ ఎత్తున. కారణం మా చింతచెట్టు. ముందు అద్దం కింద వాననీళ్లు పోయే కన్నాలు రాలిన చింతాకుతో మూసుకుపోయి, నీళ్లు పొంగి బేరింగు మీదికే కారుతున్నాయి. పైన ఉండాల్సిన ప్లాస్టిక్ మూత రెండువైపులా లేదు.

రెండువైపులా బేరింగులు, మౌంటు రబ్బర్లు, కూలీ, ఆ తరవాత అలైన్‌మెంటు, అన్నీ కలిపి 4,300. స్ప్రింగుని బిగించే పనిముట్టుతో నొక్కిపట్టాకే పైన ఉన్న నట్టు విప్పారు. అది లేకుండా విప్పితే స్ప్రింగు ఎగిరి ప్రాణం తీస్తుంది. ఇంట్లో చేసుకునే పని కాదు.

చప్పుడు పోతుందనుకున్నాను గానీ ఇంకొకటి కూడా తిరిగొస్తుందనుకోలేదు. ఏడాదిగా మలుపు తిప్పాక స్టీరింగు దానంతట అది వెనక్కి రావడం లేదు, చేత్తో లాగాల్సి వచ్చేది. వయసైపోయిందిలే అనుకుని ఊరుకున్నాను. ఆ రోజు వంతెనెక్కే మలుపులో చెయ్యి వదులు చేస్తే కొత్త బండిలా తనే తిన్నగా వచ్చేసింది. ఆ సంతోషం ఎవరికైనా చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

కొన్న కొత్తలో దీని ముందు సస్పెన్షన్‌కి తిరుగులేదని అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు గట్టిదే అంటాను, అంతవరకే. దాని భాగాల్లో లోయర్ ఆర్మ్ బుష్‌లు ఒకసారి, లింక్ రాడ్లు రెండుసార్లు మార్చాను. అందులో మా గట్టు గుంతల పాలెంతో, బండి పాలెంతో చెప్పలేను. రావులపాలెం హైవే మీద తిరిగేవాళ్లకి, షెడ్డున్నవాళ్లకి ఇవేవీ ఎదురుకాకపోవచ్చు. వాళ్లకి ఇంత కంటే మెత్తగా పోయే కార్లున్నాయి కూడా. మా దారికి మాత్రం ఇంత ఇరుకులో తిరిగే కారు నాకింకోటి దొరకలేదు, దీన్నే ఉంచుకుంటున్నాను. చింతచెట్టు కింద పెట్టడం మానేశాను.