తరగతి పైకప్పుకు తాటాకు గూడబాతులు

శ్రీకాకుళంలో చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లు 22 మంది. రెండేళ్ల క్రితం ఒక దుకాణంలో 1,400 రూపాయలు పెట్టి, తరగతి పైకప్పుకు వేలాడదీసే అట్ట పక్షులు కొన్నాను. గుమ్మంలో నిలబడి చూస్తే ముచ్చటగానే ఉండేవి. ఒక మధ్యాహ్నం నిద్రపట్టని బాబును జోకొడుతూ నేనూ చాప మీద వాలాను. పైకి చూస్తే పక్షులే లేవు! అట్టల అంచులు సన్నని గీతల్లా కనబడ్డాయి. రంగులన్నీ పక్కలకే ఉన్నాయి. రోజూ గంటన్నర వెల్లకిలా పడుకునే పిల్లలకు ఇన్నాళ్లూ నేను చూపించింది ఆ గీతలనే. మనసు చివుక్కుమంది.

అందుకే నిరుడు ఆగస్టులో టెక్కలి వైపు తాటాకు బుట్టలు, విసనకర్రలు అల్లే ఒక తాతగారి దగ్గరకు వెళ్లాను. ఏటా వలస పక్షులు వచ్చి వాలే అక్కడి తేలినీలాపురం ఊరి పక్షులు కావాలన్నాను.

"ఎగిరేవా అమ్మా, వాలినవా?" అని అడిగారు. దుకాణంలో నన్నెవరూ ఆ మాట అడగలేదు.

విప్పిన రెక్కలను విసనకర్ర అల్లికతోనే తీర్చి, పొట్ట నేలవైపు ఉండేలా ఆరు గూడబాతులు (పెలికాన్ పక్షులు) చేశారు. ఒక్కొక్కటి 250 రూపాయలు. ముక్కు కింద సంచి కూడా అల్లారు. పిల్లల వేళ్లు ముందుగా దానివైపే లేచాయి.

ఆరింటినీ పడుకునే మూలనే, ఎత్తు తగ్గులుగా కట్టాను. మిగతా కప్పంతా ఖాళీ. నిండా వేలాడదీస్తే పసికళ్లకు తెరిపి ఉండదు. ఫ్యానుకూ బల్బులకూ బాగా ఎడంగా ఉంచాను, ఎండిన తాటాకు ఇట్టే అంటుకుంటుంది. ఉదయం కిటికీలోంచి ఎండ పడినప్పుడు గోడ మీద నీడలు ఊగుతాయి, పిల్లలు వాటిని అరచేతులతో పట్టుకోబోతారు. ఉయ్యాల మీద చిలుకలు కట్టిన మన పెద్దవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

లోపాలు ఉన్నాయి. చెప్పిన గడువుకు మూడు వారాలు ఆలస్యమైంది. కట్టి ఇచ్చిన నూలు దారం రెండు నెలలకే తెగి ఒక పక్షి కిందపడింది. ఆరోజు సెలవు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు చేపల వలకు వాడే నైలాన్ దారం కట్టాను, వారానికోసారి లాగి చూస్తాను. వానల్లో రెండింటికి బూజు పట్టింది. ఎండలో ఆరబెట్టి పొడిగుడ్డతో తుడిస్తే పోయింది.

సెప్టెంబరులో వచ్చిన పక్షులు మార్చిలో తేలినీలాపురం విడిచి వెళతాయని చెబితే, "మరి మనవి వెళ్లవా?" అని ఒక పాప అడిగింది. అందరం కలిసి వాటిని దించి అటక మీద దాచాం. అవి తిరిగి వచ్చేదాకా ఆ మూలన కట్టడానికి పిచ్చుకలు అల్లమని తాతగారికి బయానా ఇచ్చి వచ్చాను.