స్టిక్ బెయిట్ ఎంపిక: ముందు దిగే తీరు చూడండి

బాస్ అనే వేటాడే మంచినీటి చేపల కోసం గాలం వేసేవాళ్ల సంచీ ఎవరిది తెరిచినా మెత్తటి ప్లాస్టిక్ స్టిక్ బెయిట్లు ఒకటి రెండు ప్యాకెట్లయినా కనిపిస్తాయి. చూడటానికి ఆ ఎరలో ఏమీ ఉండదు. ఊగే తోక లేదు, కాళ్లు లేవు, నీళ్లలో గిరగిరా తిరిగే రేకు లేదు. రెండు చివర్లా కాస్త సన్నబడిన పుల్ల, అంతే. అయినా ఏళ్ల తరబడి రకరకాల ఎరలు వాడాక, ఒక్కటే పట్టుకెళ్లాలంటే నేను తీసుకునేది దీన్నే. కాకపోతే స్టిక్ బెయిట్లన్నీ ఒకటి కావు. పొడవు అదే, రంగు పేరు అదే, ప్యాకెట్ మీద బొమ్మ కూడా ఇంచుమించు అదే ఉంటుంది. నీళ్లలో వేశాక మాత్రం దేని దారి దానిది. అందుకే నేను మొదట చూసేది అది దిగే తీరు. బ్రాండు, రంగు, వాసన అన్నీ ఆ తర్వాతే.

ఈ రకం ఎరలకు పేరు తెచ్చింది 1990లలో గ్యారీ యమమోటో తయారుచేసిన సెంకో. దాని వెనకాలే యమ్ డింగర్, ఎనిమిది పలకలుండే స్ట్రైక్ కింగ్ ఓచో, బర్క్‌లీ జనరల్ లాంటివి వరసగా వచ్చాయి. పేరులేని చవక రకాలైతే లెక్కే లేదు. వీటన్నిటి మధ్య అసలు తేడా తెచ్చేవి రెండు: ప్లాస్టిక్ ఎంత మెత్తన, అందులో ఉప్పు ఎంత.

ఉప్పు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మెత్తటి ప్లాస్టిక్ సాంద్రత నీటి సాంద్రతకు దగ్గర్లోనే ఉంటుంది. ఏమీ కలపకుండా పోస్తే ఎర చాలా నెమ్మదిగా, దిగీ దిగనట్టు దిగుతుంది. ఉప్పు నీటికన్నా రెట్టింపుకు పైగా బరువు కాబట్టి, దాన్ని దట్టిస్తే సీసం గుండు లేకుండానే ఎరకు బరువు వస్తుంది. దూరం విసరడానికి ఆ బరువు సరిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ముందువైపు గుండు కడితే ఎర తలకిందులుగా సూటిగా మునిగిపోతుంది. బరువు ఒళ్లంతా సమంగా పరుచుకుంటే అడ్డంగా, నిదానంగా దిగుతుంది, దిగుతున్నంతసేపూ కొసలు వణుకుతాయి. నేను పట్టిన చేపల్లో ఎక్కువ భాగం ఆ దిగే సమయంలోనే ఎరను అందుకున్నాయి. నేను కర్ర ఆడించి చేసే విన్యాసాలకు పడినవి చాలా తక్కువ.

కొత్త ప్యాకెట్ విప్పగానే ఒడ్డు పక్కన తేటనీళ్లలో ఒకదాన్ని వదిలి చూడటం నాకు అలవాటు. మీరూ చేయండి. ఎర నడుముకు హుక్ గుచ్చి, దారం పూర్తిగా వదులు చేసి, మోకాలి లోతు నీళ్లలో పడేయండి. మంచిదైతే హుక్ దగ్గర కొద్దిగా వంగుతుంది, రెండు కొసలూ పైకి లేస్తాయి, సన్నగా అదురుతూ దిగుతుంది. ఆ అదురు చాలా చిన్నది, వంగి చూస్తే గానీ కనపడదు. ప్లాస్టిక్ గట్టిదైతే వంపూ ఉండదు, వణుకూ ఉండదు, కర్రముక్కలా బిగుసుకుని అడుగుకు చేరుతుంది. రెండు రకాల్ని పక్కపక్కన వదిలితే ప్యాకెట్ మీది రాతలన్నీ చదివినా తెలియని తేడా క్షణంలో తెలిసిపోతుంది. చవక రకాల్లో కూడా చక్కగా వణికేవి నాకు దొరికాయి. ఖరీదైనంత మాత్రాన వణుకుతుందన్న హామీ లేదు.

ఉప్పు, మెత్తదనం పెరిగే కొద్దీ మన్నిక తగ్గుతుంది. దీనికి మందు లేదు. చేపను విడిపించాక హుక్ గుచ్చిన చోట చూడండి, చిన్న రంధ్రం కాస్తా అడ్డ చీలికై ఉంటుంది, దాని అంచున వేలు పెడితే ఉప్పు పలుకులు గరుకుగా తగులుతాయి. ఇంకో చేప పడితే ఆ చీలిక అవతలి అంచుదాకా పోతుంది, లేదా విసిరిన ఊపుకే ఎర ఊడి ఎగిరిపోతుంది. వాకీ రిగ్‌లో, అంటే ఎర మధ్యలో హుక్ గుచ్చే పద్ధతిలో, ఇది మరీ ఎక్కువ. అందుకని ఎర నడుముకు రబ్బరు రింగు తొడిగి, హుక్‌ను రింగు కిందుగా పోనిస్తాను. ఒకే రింగు వాడితే హుక్ ఎరకు సమాంతరంగా పడుకుంటుంది, చేప నోట్లో సరిగా గుచ్చుకోదు. రెండు రింగుల్ని కత్తెర వేసినట్టు అడ్డంగా తొడిగి, అవి కలిసేచోట హుక్ పెడితే ఎరకు అడ్డంగా నిలబడుతుంది. తొడగడానికి ఓపిక కావాలి గానీ ఒక్కో ఎర చాలాసేపు నిలుస్తుంది.

సాగే రకం ప్లాస్టిక్‌తో చేసినవి మన్నికలో వేరే లోకం. జీ-మ్యాన్ వాళ్ల ఎలాజ్‌టెక్ అలాంటిది, ఎంత లాగినా తెగదు. ఆ పదార్థానికి సహజంగా తేలే గుణం ఉంది. కాబట్టి గుండు లేకుండా దిగాల్సిన చోట అది నాకు నచ్చదు. చిన్న పుట్టగొడుగు తల జిగ్‌కు, అంటే ఆ ఆకారపు బరువు తల ఉన్న హుక్‌కు, తొడిగి అడుగున ఆడించేటప్పుడు మాత్రం దానికి సాటి లేదు, తోక పైకి లేచి నిలబడుతుంది. నెడ్ కేడీ పేరుతో వచ్చిన నెడ్ రిగ్ ఇదే. మామూలు స్టిక్ బెయిట్ తల చిరిగిపోతే నేను పారేయను. చిరిగిన భాగం గిల్లేసి, మిగిలిన ముక్కను ఇదే జిగ్‌కు వాడతాను. ఒక హెచ్చరిక: ఎలాజ్‌టెక్ ఎరల్ని మామూలు ప్లాస్టిక్ ఎరలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి. రెండూ ఒకదాన్నొకటి కరిగించుకుని జిగురు ముద్దవుతాయి.

పొడవు విషయంలో 5 అంగుళాలది అన్నిటికీ పనికొస్తుంది. నీళ్లు బాగా తేటగా ఉండి చేపలు బెదిరి ఉంటే, లేదా నీళ్లు చల్లబడి చేపలు మందకొడిగా ఉంటే 4 అంగుళాలకు దిగుతాను. పెద్దదానికి వెళ్లాల్సిన అవసరం నాకు అరుదుగా వచ్చింది. టెక్సాస్ రిగ్‌కైతే, అంటే హుక్‌ను తల నుంచి ఎక్కించి దాని మొనను ఎర ఒంట్లో దాచే పద్ధతికైతే, 5 అంగుళాల ఎరకు 3/0 లేదా 4/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (మెడ దగ్గర వంపు ఉండేది) సరిగ్గా సరిపోతుంది. హుక్ ఎక్కించాక ఎర నిటారుగా ఉందో లేదో కంటితో చూసుకోవాలి. కొద్దిగా వంకర ఉన్నా నీళ్లలో సుడి తిరుగుతుంది, దారం మెలికలు పడుతుంది, ఆ వణుకు పూర్తిగా పోతుంది. నాచు దట్టంగా ఉంటే టెక్సాస్ రిగ్, ఖాళీ నీళ్లయితే వాకీ. లోతు ఎక్కువైతే తలలోకి చిన్న మేకు బరువు దూర్చే నెకో రిగ్. నేను ఇంతకు మించి ఆలోచించను.

రంగుల గురించి జనం పెట్టుకునే టెన్షన్ చూస్తే నాకు బాధేస్తుంది. గ్రీన్ పంప్‌కిన్ ఒకటి, బురద నీళ్లకు నీలి మెరుపులున్న నలుపు ఒకటి ఉంటే చాలు. మూడోది కావాలనుకుంటే ఎర్ర మెరుపుల వాటర్‌మెలన్ తీసుకోండి. వెల్లుల్లి, సోంపు వాసనలు కలిపినవీ వాడాను. వాటివల్ల చేప ఎక్కువగా వచ్చిందని చెప్పలేను. ఉప్పురుచి వల్ల చేప ఎరను ఇంకాస్త సేపు నోట్లో ఉంచుకుంటుందన్న మాట మాత్రం గాలం వేసేవాళ్లు చాలామంది నమ్ముతారు, నా అనుభవమూ అటే మొగ్గుతుంది.

రంగు మీద పెట్టే శ్రద్ధ దారం మీద పెడితే ఎక్కువ చేపలు పడతాయి. ఫ్లోరోకార్బన్ దారం నీళ్లలో మునుగుతుంది, అల్లిక దారం తేలుతుంది, నైలాన్ మధ్యస్తం. లావు దారం కడితే మంచి ఎర కూడా ఈడ్చుకుంటూ దిగుతుంది. స్పిన్నింగ్ రీల్‌కు సన్నటి అల్లిక దారం చుట్టి, చివర 8 లేదా 10 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ ముడేస్తాను. అల్లిక దారం రంగు కళ్లకు కొట్టొచ్చినట్టు ఉండాలి, ఎందుకంటే ఈ ఎరతో చాలాసార్లు చేప కొరికింది చేతికి తెలియదు, కంటికి తెలుస్తుంది. విసిరాక దారం వదులు చేసి మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. పదికి అడుగు తగలాల్సింది ఆరుకే ఆగిపోయిందంటే చేప నోట్లో ఉంది. దారం పక్కకు జరిగినా, టిక్కుమని ఎగిరినా అంతే. ఆలస్యం చేయకుండా వదులు చుట్టేసి కర్ర ఎత్తాలి. చూస్తూ కూర్చుంటే చేప హుక్‌ను లోపలిదాకా మింగేస్తుంది. తిరిగి నీళ్లలో వదిలే చేపకు అది ప్రాణం మీదకు వస్తుంది. నేను హుక్ మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును శ్రావణంతో నొక్కేసి వాడతాను. అందువల్ల తప్పించుకున్నవి చాలా తక్కువ, విడిపించడం మాత్రం ఎంతో తేలిక.

ఇది పనిచేయని చోట్లూ ఉన్నాయి. గాలి గట్టిగా వీస్తే దారం విల్లులా వంగి ఎరను లాక్కుపోతుంది, కొరుకూ తెలియదు. ఎక్కువ నీటిని త్వరగా వెతకాలంటే ఇంత నిదానమైన ఎర దండగ. అప్పుడు వేగంగా లాగే స్పిన్నర్‌బెయిట్ లాంటిది వేసి చేపలున్న చోటు తేల్చుకుని, ఆ తర్వాత స్టిక్ బెయిట్ దింపడం మేలు. గుడ్లు పెట్టే కాలంలో, నీళ్లు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండి చేపలు ఒడ్డుకు దగ్గరగా వచ్చినప్పుడు, దీన్ని మించింది నేను చూడలేదు.

కొనేటప్పుడు ప్యాకెట్‌ను పైనుంచి వేళ్లతో నొక్కి చూడండి, మెత్తగా వంగాలి. లోపల ఎరలు మడత పడి ఉన్న ప్యాకెట్ పక్కన పెట్టేసి, తిన్నగా పడుకున్నవి ఏరుకోండి. ఇంటికొచ్చాక అసలు ప్యాకెట్‌లోనే ఉంచండి, రంగులు కలిపితే ఒకదాని మరక ఇంకోదానికి అంటుకుంటుంది. ఎండలో కారులో వదిలేసినవి వంకరపోతాయి. అలాంటివాటిని వేడినీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక చన్నీళ్లలోకి మార్చి, పళ్లెంలో తిన్నగా పరిస్తే మళ్లీ నిటారుగా వస్తాయి. చిరిగిపోయిన ముక్కల్ని నీళ్లలోకి విసరొద్దు. అవి కుళ్లవు, చేపలు మింగుతాయి. నా సంచీ పక్క జేబులో వాటికోసమే ఒక ఖాళీ కవరు ఉంటుంది.