ఐదు పేరాల ఆర్డర్ ప్యాడ్ రివ్యూ: కాగితం బ్రహ్మాండం, అడుగున రావాల్సిన లైన్లే మాయం

మ్యాప్ వార్‌గేమ్స్, అంటే మ్యాప్ మీద యుద్ధం నడిపే ఆటలు ఆడేవాళ్ళ కోసం రాస్తున్నా, మిగతావాళ్ళకి ఇది అక్కర్లేని వస్తువే. కింది దళాలకి ఇచ్చే యుద్ధ ఆదేశాన్ని (ఆపరేషన్ ఆర్డర్) రాయడానికి, జేబులో పట్టే ప్యాడ్ ఇది, స్పైరల్ పైన ఉంటుంది, కాగితం తడిసినా పాడవదు, ప్రతి షీట్ మీదా అమెరికన్ ఆర్మీ వాడే ఐదు హెడింగులు ముందే ప్రింట్ చేసి ఉంటాయి: సిట్యుయేషన్, మిషన్, ఎగ్జిక్యూషన్, సస్టైన్‌మెంట్ (సామాన్ల సరఫరా), కమాండ్ అండ్ సిగ్నల్ (కమాండర్ ఎక్కడ, కబుర్లు ఎలా). కంపెనీ పేరు చెప్పను, దాదాపు ఇదే ప్యాడ్ వేరే అట్టలతో కూడా దొరుకుతోంది.

మేం ఆడేది పాత ప్రష్యన్ (జర్మన్ రాజ్యం ప్రష్యా) పద్ధతి, 1824లో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్ రూల్స్ రాసిన ఆట. ఒకళ్ళ మ్యాప్ ఒకళ్ళకి కనపడదు, మాట్లాడుకోవడం ఉండదు, కింది కమాండర్‌కి ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి అంపైర్ చేతికివ్వాలి, ఆయన దాన్ని గుర్రం మీద వెళ్ళేంత టైం ఆపి అప్పుడు అవతలివాడికి ఇస్తాడు. అంటే రాసింది సరిగ్గా లేకపోతే మన బ్రిగేడ్ మన కళ్ళముందే వేరే ఊరు వెళ్ళిపోతుంది, ఆపడానికి కూడా ఉండదు. ప్యాడ్‌ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

కాగితం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, బాగుంది. పెన్సిల్, బాల్ పెన్ చక్కగా పడతాయి, జెల్ పెన్ మాత్రం అలుక్కుపోతుంది. షీట్ నీట్‌గా చిరుగుతుంది.

అసలు గొడవ అట్ట లోపలి పేజీ దగ్గర మొదలైంది. అక్కడ అర పేజీ చరిత్ర వేశారు, ఈ ఫార్మాట్‌ని మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు కనిపెట్టారట. అమ్మేది ఆ ఫార్మాటే అయినప్పుడు దాని పుట్టుక అయినా సరిగ్గా చూసుకోవాలి కదా. ఇది అమెరికాలో పాతుకుపోయింది 1890లలో, కాన్సాస్‌లోని ఫోర్ట్ లెవెన్‌వర్త్ స్కూల్లో, ఎబెన్ స్విఫ్ట్ అనే అశ్వికదళ ఆఫీసర్ చేతిలో. ఆ స్కూల్‌ని 1881లో అప్పటి ఆర్మీ అధిపతి జనరల్ షెర్మన్ పెట్టించాడు. అప్పటి అమెరికన్ ఆర్మీ అంటే సుమారు పాతిక వేలమంది, వాళ్ళు కూడా ఎక్కడెక్కడో చిన్న చిన్న పోస్టుల్లో చెల్లాచెదురుగా ఉండేవాళ్ళు, చాలామంది ఆఫీసర్లు ఒక రెజిమెంట్ మొత్తం ఒకేచోట నిలబడగా కూడా చూసి ఉండరు. అలాంటివాళ్ళకి డివిజన్ నడపడం ఎలా నేర్పాలి? మ్యాప్ పరిచి, సమస్య ఇచ్చి, ఆర్డర్ రాయమనాలి. ఈ పద్ధతి జర్మన్లది, వెర్డీ దు వెర్న్వా లాంటి ప్రష్యన్ ఆఫీసర్లు నేర్పినది, ఆర్డర్‌ని ఒక వరసలో నంబర్లేసి రాయడం కూడా వాళ్ళ అలవాటే. స్విఫ్ట్ దాన్ని ఐదు పేరాలకి బిగించాడు, 1905 ఫీల్డ్ సర్వీస్ రెగ్యులేషన్స్ అనే ఆర్మీ రూల్స్ పుస్తకంతో అది స్కూలు గోడలు దాటి ఆర్మీ మొత్తానికీ రూల్ అయింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి, ఫ్రాన్స్‌లో అమెరికన్ సేనల్ని నడిపిన జనరల్ పెర్షింగ్ స్టాఫ్‌లో ముఖ్యమైన చోట్ల లెవెన్‌వర్త్‌లో చదివినవాళ్ళే ఉన్నారు కాబట్టి అప్పుడు బాగా వాడారు, అంతవరకు నిజం. అట్ట మీద స్విఫ్ట్ పేరు ఒక్కసారి కూడా లేదు, నాకైతే మండింది.

స్విఫ్ట్ వరస ఇది: మొదట శత్రువు గురించీ మన పక్క దళాల గురించీ తెలిసింది, తర్వాత కమాండర్ మొత్తం మీద ఏం చేద్దామనుకుంటున్నాడో, మూడోది ఏ దళం ఏం చెయ్యాలో, నాలుగోది సామాన్ల బళ్ళ సంగతి, చివర కమాండర్ ఎక్కడుంటాడు, కబుర్లు ఎక్కడికి పంపాలి. అంతే. చదివేవాడు రాత్రిపూట లాంతరు దగ్గర కళ్ళు చిట్లించుకుని చూసినా తనకి కావాల్సిన ముక్క ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

సరదాకి ఈ ప్యాడ్ మీద 1854 అక్టోబర్ 25న, రష్యన్లతో జరిగిన క్రిమియా యుద్ధంలో, బాలక్లావా దగ్గర బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ రాగ్లన్ పంపిన ఆర్డర్‌ని ఎక్కించి చూశా, లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ అశ్వికదళాన్ని ముంచిన ఆ చీటీయే. రాగ్లన్ స్టాఫ్ ఆఫీసర్ ఎయిరీ పెన్సిల్‌తో రాస్తే కెప్టెన్ నోలన్ పట్టుకెళ్ళింది. అందులో ఉన్నదల్లా అశ్వికదళం త్వరగా ముందుకెళ్ళి శత్రువు వెంటపడి ఫిరంగులు తీసుకుపోకుండా చూడాలి, గుర్రాల ఫిరంగిదళం తోడు రావచ్చు, ఫ్రెంచ్ అశ్వికదళం మీ ఎడమవైపు ఉంది, వెంటనే. మొదటి పేరాలోనే ఆగిపోయా. ఏ ఫిరంగులు? కొండమీదున్న రాగ్లన్‌కి కనపడినవి, కింద లోయలో ఉన్న అశ్వికదళ కమాండర్ లూకన్‌కి కనపడనివి. రెండో పేరా, అంటే మొత్తం మీద రాగ్లన్ ఏం చేద్దామనుకుంటున్నాడన్నది, ఖాళీ. మూడో దాంట్లో లైట్ బ్రిగేడా, హెవీ బ్రిగేడా లేదు. ఐదోది సున్నా. లూకన్ ఏ ఫిరంగులు అని అడిగితే నోలన్ చెయ్యి ఊపాడంటారు, ఆ తర్వాత సుమారు 670 మంది లోయ చివరున్న రష్యన్ ఫిరంగుల మీదకి వెళ్ళారు. ఐదు హెడింగులు ఉండుంటే ఇది జరిగేది కాదు అని నేననను, తొందరలో ఉన్న మనిషి హెడింగ్ కింద కూడా అడ్డంగానే రాస్తాడు, కానీ ఖాళీ గడి కళ్ళకి కొట్టేది. ఈ ప్యాడ్ కొనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే, కాగితం వాటర్‌ప్రూఫ్ అన్నది కాదు.

ఇప్పుడు కంప్లైంట్లు. మొదటిది, మిషన్‌కి రెండు లైన్లే ఇచ్చారు, అది ఓకే, కానీ ఎగ్జిక్యూషన్‌కి పేజీన్నర ఇచ్చారు. చోటుంటే మనిషి నింపుతాడు. మా గుంపులో ఒకాయన ఏ కంచె దూకాలో కూడా రాసి పంపాడు, అది చేరేసరికి ఆ కంచె శత్రువు చేతిలో ఉంది. జనరల్ స్టాఫ్ చీఫ్ మోల్ట్కే కాలపు ప్రష్యన్లు 1869 సూచనల్లోనే కింది కమాండర్ సొంతంగా చేసుకోగలిగింది ఆర్డర్‌లో పెట్టొద్దన్నారు. 1927 నుంచి 1932 దాకా అమెరికన్ పదాతిదళ స్కూలున్న ఫోర్ట్ బెన్నింగ్‌లో ట్రైనింగ్ చూసుకున్న ఆఫీసర్ జార్జ్ మార్షల్ బాధా ఇదే, స్కూల్లో నేర్పే ఆర్డర్లు పొడుగైపోయాయి, అది రాసేలోపు యుద్ధం ఇంకోచోటికి జరిగిపోతుంది అని వాటిని కుదించడానికే చూశాడు. ఈ ప్యాడ్ డిజైన్ చేసినవాళ్ళు మాత్రం సరిగ్గా ఎదురు దారిలో వెళ్ళారు.

రెండోది నాకు ఇంకా పెద్దది. స్విఫ్ట్ కాలం ఆర్డర్‌లో ఐదు పేరాలతో కథ అయిపోదు, పైన ఎక్కడ రాసింది, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఆర్డర్ నంబర్ ఎంత అని ఉండేది, అడుగున ఎవరికి ఎలా పంపారో రాసేవాళ్ళు. ప్యాడ్‌లో తేదీ, టైం ఉన్నాయి, నంబర్ లేదు, చోటు లేదు, పంపిన వివరం అస్సలు లేదు. ఒకే దళానికి రెండు ఆర్డర్లు తారుమారుగా చేరితే ఏది కొత్తదో తేల్చడానికి మాకు టైం ఒక్కటే దిక్కు, నాకు ఏ కాపీ ఎవరికి వెళ్ళిందో గుర్తుండదు. దానికితోడు డూప్లికేట్ షీట్ లేదు, కార్బన్ పేపర్ పెడదామంటే ఈ మందం కాగితంలోంచి అచ్చు సరిగ్గా దిగదు.

ఐదుకి మూడు స్టార్లు. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్ళు కొనుక్కోండి, ఆ వరస చేతికి అలవాటవుతుంది. ఇప్పటికే అలవాటున్నవాళ్ళకి మామూలు రూళ్ళ పుస్తకం, మార్జిన్‌లో 1 నుంచి 5 నంబర్లు చాలు. కొన్నవాళ్ళు మాత్రం ప్రతి షీట్ పైన ఆర్డర్ నంబర్, అడుగున ఎవరికి, ఎవరి చేత, ఎన్ని గంటలకి అనే గీత ముందే కొట్టి పెట్టుకోండి, ఆట మధ్యలో అంపైర్ గడియారం నడుస్తున్నప్పుడు గుర్తురాదు.