ప్రైవేటు బిల్లా, ప్రశ్నా? ఎంపీ చేత ఏది పెట్టిస్తే మేలు

వినియోగదారుల సంఘాలు, దళిత హక్కుల కార్యకర్తలు, విచారణ ఖైదీల తరఫున తిరిగే లాయర్లు పదే పదే అడిగేది ఒకటే. "మా గోడు వినే ఎంపీ దొరికారు. ఆయన చేత ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టిద్దామా, మంత్రికి ప్రశ్న వేయిద్దామా?" అడిగేసరికే చాలామంది మనసు బిల్లు మీద ఉంటుంది. బిల్లంటే చట్టమనీ, ప్రశ్నంటే ఉత్త కాగితమనీ ఒక లెక్క. నా లెక్క వేరు.

ముందు బిల్లు సంగతి. మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టేదే ప్రైవేటు మెంబరు బిల్లు. నెల రోజుల ముందు నోటీసివ్వాలి. ఉద్దేశాలు, కారణాల ప్రకటన రాయాలి. ఖజానా మీద భారం పడేట్టుంటే ఆర్థిక మెమొరాండం జతచేయాలి. సంచిత నిధి, అంటే కేంద్ర ఖజానా, నుంచి ఖర్చు పెట్టాల్సిన బిల్లును సభ ఆమోదించాలంటే రాజ్యాంగం 117(3) అధికరణ కింద రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి. కొత్త కమిషన్, ప్రత్యేక కోర్టులు, పరిహార నిధి అంటూ ముసాయిదా పెంచుకుంటూ పోయే సంఘాలు ఇరుక్కునేది ఇక్కడే. ఇవన్నీ దాటి ప్రవేశపెట్టినా, చర్చకు రావాలంటే లాటరీ తగలాలి. లోక్‌సభలో ప్రైవేటు సభ్యులకు దక్కేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు. అందులోనూ ఒక శుక్రవారం బిల్లులకైతే మరుసటిది తీర్మానాలకు.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైన ప్రైవేటు బిల్లులు 14. ఆఖరిది 1970లో, సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ల పరిధిని పెంచిన బిల్లు. లోక్‌సభ రద్దయిందంటే అక్కడ పెండింగులో ఉన్నవన్నీ మురిగిపోతాయి.

అలాగని బిల్లు దండగ అనను. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ పెట్టిన బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ గడప మాత్రం దాటలేదు. కానీ ప్రభుత్వం తన సొంత బిల్లు తేక తప్పలేదు, 2019లో చట్టమూ వచ్చింది. అయితే శివ బిల్లులో చదువుకూ ఉద్యోగాలకూ ఉన్న రిజర్వేషన్ ఆ చట్టంలో లేదు. విషయం మీద చట్టమే లేనప్పుడు, సభలో చర్చంటూ మొదలవ్వాలన్నప్పుడు బిల్లు సరైన దారి. చట్టం ఉండి అమలు కానప్పుడు కాదు. మన దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ రెండో రకమే.

ఇక ప్రశ్న. పదిహేను రోజుల ముందు నోటీసు, 150 పదాలు మించకూడదు. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. స్టార్డ్ అయితే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. కానీ ఆ ఇరవైలో చాలావాటికి వంతే రాదు. అన్‌స్టార్డ్‌కు రాతపూర్వక జవాబు మాత్రమే. టీవీలో కనిపించరు కాబట్టి ఎంపీలకు దీని మీద మోజు తక్కువ. నా ఓటు మాత్రం దీనికే. జిల్లావారీ అంకెలు, ఏడాదివారీ పట్టికలు వచ్చేది రాతలోనే.

అసలు కీలకం ప్రశ్నలోని మాట. 2021 జూలైలో పాకీపని మరణాల గురించి అడిగితే, అలాంటి మరణాలేవీ నమోదు కాలేదని సామాజిక న్యాయ శాఖ రాజ్యసభకు చెప్పింది. కార్యకర్తలు భగ్గుమన్నారు. పాకీపనిని నిషేధించిన 2013 చట్టంలో పాకీపనికి ఒక నిర్వచనం, మురుగు కాలువలూ సెప్టిక్ ట్యాంకులూ ప్రమాదకరంగా శుభ్రం చేయడానికి ఇంకో నిర్వచనం ఉన్నాయి. శాఖ మొదటిదాని చాటున తలదాచుకుంది. రెండోదాని కింద చావులున్నాయని, వాటి అంకెలతో సహా, అదే శాఖ సభలోనే చెప్పింది. కాబట్టి చట్టం పుస్తకం పక్కన పెట్టుకుని, అందులోని పదాన్నే ప్రశ్నలోకి దించాలి.

వినియోగదారుల విషయంలో ఇలా రాయొచ్చు: "(అ) 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలపై గత మూడేళ్లలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) విధించిన జరిమానాలెన్ని, ఏడాదివారీగా మొత్తమెంత, (ఆ) అందులో వసూలైనదెంత, (ఇ) అప్పీళ్లలో ఉన్నవెన్ని, (ఈ) వసూలు కాని వాటిపై తీసుకున్న చర్యలేమిటి?" విధించినదీ వసూలైనదీ ఒకే ముక్కలో కలిపితే మొదటిదానికి జవాబిచ్చి రెండోదాన్ని మింగేస్తారు. "ఇది అన్యాయం కాదా?" లాంటి వాక్యం ఉంటే ప్రశ్న తిరస్కరణకే పోతుంది. అభిప్రాయం అడగడం, వాదించడం, కోర్టులో నలుగుతున్న విషయం కెలకడం నిబంధనలకు విరుద్ధం. సర్కారు ఎవరి దగ్గరా సేకరించని లెక్క అడిగితే "అలాంటి వివరాలు నిర్వహించడం లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు.

ఇంకో గుంత రాష్ట్ర జాబితా. జైళ్లు, పోలీసు రాష్ట్రాల పరిధి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479 సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులతో, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపిన తొలిసారి నిందితులను బాండుపై వదలాలి. మీ జిల్లా జైల్లో అలా ఎందరిని వదిలారో తేలాలంటే ఢిల్లీ కంటే అసెంబ్లీలో ఎమ్మెల్యే చేత అడిగించడం నయం. జిల్లా వినియోగదారుల కమిషన్లలో ఖాళీలదీ అదే కథ, నియామకాలు రాష్ట్రానివే.

ప్రశ్న వైపు నన్ను మొగ్గేలా చేసేది జవాబు తర్వాతి మెట్టు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" లాంటి మాట మంత్రి జవాబులో ఉంటే అది హామీగా నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని ప్రభుత్వ హామీల కమిటీని అడుక్కోవాలి. హామీని వదిలేయమని శాఖలు బతిమాలడమూ ఉంది, అందుకే వెంటపడాలి. లోక్‌సభ రద్దయినా హామీ మురిగిపోదు. బిల్లుకు లేని ఆయుష్షు అది. జవాబు డొంకతిరుగుడుగా ఉంటే లోక్‌సభ 55వ నిబంధన కింద అరగంట చర్చకు నోటీసివ్వొచ్చు, సోమ, బుధ, శుక్రవారాల్లో దానికి చోటుంది.

జీరో అవర్ (ఎంపీలు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం), లోక్‌సభ 377 నిబంధన కింద ప్రస్తావన: తుపాను, కాల్పులు లాంటి ఆ రోజు మంటకు పనికొస్తాయి. జీరో అవర్‌లో జవాబు చెప్పాలన్న నియమం మంత్రికి లేదు. పౌరులు సభకు పెట్టుకునే అర్జీలు చూసే పిటిషన్ల కమిటీ నిదానం, ఓపికున్న సంఘాలకు బాగుంటుంది. అర్జీ మీద ఎంపీ ప్రతిసంతకం మరవకండి.

ఎంపీ కార్యాలయానికి ముసాయిదా ఇచ్చేటప్పుడు సంబంధిత శాఖకు ఆ వారంలో ఏ రోజు కేటాయించారో చూసి, పదిహేను రోజుల గడువుకు ఇంకో వారం కలుపుకుని పంపండి. అదే శాఖ అదే విషయం మీద అంతకుముందు ఇచ్చిన జవాబు సభ వెబ్‌సైటులో దొరుకుతుంది. దాన్ని జతచేస్తే, పాత ప్రశ్నే మళ్లీ వేశారన్న సాకుతో పక్కన పెట్టకుండా ఎక్కడ కొత్తగా అడగాలో ఎంపీ సహాయకులకు వెంటనే తెలిసిపోతుంది.